వేడిమీద మొరాయించే ఆయిలింజను



ఎద్దు మొరాయిస్తే ఎందుకు మొరాయించిందో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. మెడ ఒరిసిందా, డెక్కలో రాయి దిగిందా, దాహం వేసిందా అని మీరే చూసికొంటారు. చూడకుండా ములుగర్రతో పొడిచే రైతును చూసి నలుగురూ నవ్వుతారు. కాని ఆయిలింజను మొరాయించినప్పుడు మాత్రం మనలో చాలామంది ముందు హ్యాండిలు పట్టి చెమటలు కక్కేదాకా తిప్పుతాము, తరువాత స్పానరు పట్టి విప్పుతాము. మధ్యలో చేయవలసిన పని ఒకటి ఉన్నది. అది చూడడము, అడగడము. ఈ పూట మీతో ఆ సంగతే ముచ్చటించదలచాను.

జబ్బు ఎట్లాంటిదంటే, పొద్దున్నే ఇంజను రెండు చుట్లలో అందుకొంటుంది. మూడు నాలుగు గంటలు చక్కగా నీళ్లు తోడుతుంది. బోదె మళ్లించడానికో, అన్నానికో ఆపుతారు, లేదా అదే ఆగిపోతుంది. మళ్లీ తిప్పితే పలకదు. ఇద్దరు మనుషులు మార్చి మార్చి తిప్పినా పలకదు. గంటో రెండు గంటలో చెట్టుకింద కూర్చొని వచ్చి తిప్పితే, ఏమీ ఎరగనట్టు అందుకొంటుంది. "వేడి తగ్గితేగాని దానికి బుద్ధి రాదండీ" అంటారు. వరి పొట్టమీద ఉన్నప్పుడు, కాలువ వంతు రేపటితో అయిపోతుందన్నప్పుడు ఆ రెండు గంటల విలువ ఎంతో మీకు తెలుసు.

మొదట నా పొరబాటు ఒకటి చెప్పి తరువాత పాఠంలోకి వస్తాను. కాలువ చివరి భూముల్లో ఒక రైతుకు మూడు ఎకరాల వరి. మురుగు కాలువ మీద అయిదు గుర్రాల ఆయిలింజను పెట్టి తోడుకొంటాడు. ఆయన ఇంజనుకు సరిగ్గా ఇదే జబ్బు వచ్చింది. నన్ను పిలిచి అడిగితే, "చాలా ఏళ్ల ఇంజను గదా, రింగులు అరిగి ఉంటాయి, మేస్త్రీకి చూపించండి" అన్నాను. ఇంజను చుట్టూ ఒక్కసారి అయినా తిరగకుండా అన్న మాట అది. ఆయన నా మాట మీద ఇంజను ఊడదీసి బండిమీద పట్నం వేసుకొని పోయాడు. కొత్త రింగులు వేయించాడు. పోను రాను, విప్పను బిగించను రోజులు గడిచాయి. అది వరి పొట్ట పగిలి ఈనే సమయం. మెరక మడి నెర్రె విచ్చింది. ఇంజను తిరిగి వచ్చింది, పొద్దున అందుకొన్నది, మధ్యాహ్నం మళ్లీ అదే జబ్బు!

అప్పుడు ఆయన ఇల్లాలు ఒక మాట అన్నది. రోజూ ఇంజనులో డీజిలు పోసేది ఆమే. "మధ్యాహ్నం ట్యాంకి మూత తిప్పగానే 'సుయ్' మని గాలి లోపలికి పోతుందండీ. పొద్దున పూట అట్లా పోదు" అన్నది. మూత తీసి చూశాను. మూతకు ఉండవలసిన సన్నని గాలిరంధ్రము మట్టితోనూ డీజిలు జిగురుతోనూ పూడిపోయి ఉన్నది. పైగా వాన నీరు దిగకుండా మూతకింద ప్లాస్టిక్కు కాగితం వేసి బిగించారు. ఇంజను తాగుతున్నకొద్దీ ట్యాంకిలో డీజిలు తగ్గుతుంది, ఆ ఖాళీలోకి గాలి రావాలి. రావడానికి దారి లేదు. కొంతసేపటికి లోపలి డీజిలు కిందికి దిగడం మానేస్తుంది. ఇంజను ఆకలితో ఆగిపోతుంది. మనం చెట్టుకింద కూర్చొన్న గంటలో మూత సందుల గుండా కొంచెం కొంచెంగా గాలి దూరుతుంది. లేదా డీజిలు ఉన్నదో లేదో చూద్దామని మూత మనమే తీస్తాం. అంతే, ఇంజను అందుకొంటుంది. "చల్లారింది గనుక అందుకొన్నది" అనుకొంటాం.

ఒక సూదితో రంధ్రం పొడిచి, ప్లాస్టిక్కు కాగితం తీసివేశాము. ఇంజను బాగుపడింది. కాని ఆ మెరక మడిలో ఆ పంటకు తాలే ఎక్కువ వచ్చింది. రింగుల డబ్బు ఆయనది, తాలు ఆయనది, తప్పు నాది. అందుచేతనే ఈ ప్రసంగము.

దీనిలో నేర్చుకొనవలసిన మాట ఒకటే. ఇంజను వేడెక్కినప్పుడు మొరాయించింది అంటే అది వేడివల్ల వచ్చిన జబ్బే కానక్కరలేదు. ఎంతోసేపు నడిచినందువల్ల వచ్చిన జబ్బు కూడా కావచ్చును. వేడి, ఎక్కువసేపు నడక, ఈ రెండూ ఎప్పుడూ జంటగా వస్తాయి గనుక మనం ఒకదానిని చూసి రెండవది అని భ్రమపడతాము. ముందు ఈ రెండింటినీ విడదీయాలి.

విడదీయాలంటే ఇంజను ఎట్లా అందుకొంటుందో కొంచెం తెలియాలి. పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉంటుంది. మన ఆయిలింజనుకు అది లేదు. సైకిలు పంపు మూతికి వేలు అడ్డుపెట్టి గబగబా కొడితే మూతి వేడెక్కుతుంది గదా, అదే దీని కీలకము. సిలిండరులోని గాలిని పిస్టను తన చోటులో ఇంచుమించు పదహారో వంతుకు, పదిహేడో వంతుకు నొక్కుతుంది. ఆ నొక్కుడుకు గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపులకు వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణాన నాజిల్ డీజిలును మంచులాగ చిమ్ముతుంది, అది తనంతట తాను అంటుకొంటుంది. జర్మనీకి చెందిన రుడాల్ఫ్ డీజిల్ ఈ పద్ధతిలో నడిచే ఇంజనును 1897లో నడిపి చూపించాడు. నేటికీ మూలసూత్రము అదే.

కాబట్టి ఇంజను అందుకోవడానికి మూడు కావాలి. గాలి బిగువు ఉండాలి, దానినే మేస్త్రీలు కంప్రెషన్ అంటారు. డీజిలు వేళకు, మంచులాగ పడాలి. తిప్పే వేగం చాలాలి. ఇక ఇనుము వెచ్చగా ఉంటే గాలి మరింత తేలికగా వేడెక్కుతుంది. అంటే వేడి ఇంజను చల్లని ఇంజను కన్న సులువుగా అందుకోవాలి. అది ధర్మము. అట్లా కావడం లేదంటే ఆ మూడింటిలో ఒకదానిని ఏదో చెరుపుతున్నదన్నమాట.

వేడి చెరిపేది రెండే విధాలుగా. ఒకటి, నూనెనూ డీజిలునూ పలచబరుస్తుంది. రెండు, ఇనుమును సాగదీస్తుంది. ఇక ఎక్కువసేపు నడక చెరిపేది వేరు. ట్యాంకి గాలి ఆడకపోవడం, ఫిల్టరులో చెత్త పేరుకొని దారి కమ్మడం, పైపు సందున గాలి పట్టడం ఆ కోవలోవి.

ఇప్పుడు మీ ఇంజను వేడిమీద మొరాయించింది అనుకొందాం. స్పానరు ముట్టకుండా మూడు ప్రశ్నలు వేయండి.

మొదటి ప్రశ్న: ఇంజనును మీరు ఆపారా, తనంత తానే ఆగిందా? మీరు ఆపితే ఆగి, మళ్లీ అందుకోకపోతే వేడి జబ్బును అనుమానించండి. నడుస్తూ నడుస్తూ వేగం తగ్గి, ఎగిరి, తగ్గి, తానే ఆగితే డీజిలు అందడం లేదని ముందు అనుమానించండి.

రెండవ ప్రశ్న: హ్యాండిలు బరువు ఎట్లా ఉన్నది? ఇంధనం ఆపే లీవరును ఆపుడు స్థానంలో పెట్టి, డీకంప్రెషన్ లీవరు దింపి, మెల్లగా తిప్పండి. పొద్దున తిప్పినప్పుడు ఒకచోట గట్టిగా ఎదురు తన్ని ఆగుతుంది. ఇప్పుడు కూడా అట్లాగే ఆగితే బిగువు ఉన్నట్టు. మెత్తగా, 'బుస్సు' మని జారిపోతే బిగువు పోయినట్టు. చుట్టు మొత్తం బరువుగా, పట్టేసినట్టు ఉంటే అది మరొక జబ్బు, దానికి తరువాత వస్తాను.

మూడవ ప్రశ్న: సైలెన్సరు ఏమంటున్నది? ఇంధనం లీవరు నడుపుడు స్థానంలో పెట్టి గట్టిగా తిప్పినప్పుడు పొగ అసలు రాకపోతే డీజిలు లోపలికి పడడం లేదు. డీజిలు వాసనతో తెల్లని పొగ వస్తుంటే డీజిలు పడుతున్నది, అంటుకోవడం లేదు.

ఈ మూడింటి జవాబులు చేతిలో ఉంటే సగం వైద్యం అయినట్లే. ఇక ఒక్కొక్క దారి చూద్దాం.

పొగ లేదు అంటే డీజిలు దారి వెతకాలి. ట్యాంకి మూత తిప్పండి, 'సుయ్' మన్నదా వినండి. రంధ్రం శుభ్రం చేయండి. తరువాత ట్యాంకి కుళాయి, ఫిల్టరు, పైపులు వరుసగా చూడండి. పైపు కీలు దగ్గర తడి కనబడితే, అక్కడ గాలి కూడా దూరుతున్నదని అనుమానించాలి. గాలి పట్టితే తీయవలసిందే. ఫిల్టరు మీది గాలి స్క్రూ వదులు చేసి బుడగలు పోయి డీజిలు ఎడతెగకుండా వచ్చేదాకా ఆగి బిగించాలి. పిదప పంపు స్క్రూ దగ్గర అట్లాగే చేయాలి. అప్పుడు డీకంప్రెషన్ లీవరు ఎత్తి మెల్లగా తిప్పండి. మన చేతి హ్యాండిలు ఇంజన్లలో చాలావాటికి నాజిల్ దగ్గర 'కిర్రు' మని చిన్న చప్పుడు వినిపిస్తుంది. చప్పుడు వస్తే డీజిలు నాజిల్ దాకా వచ్చినట్టు.

దారి శుభ్రంగా ఉన్నా, గాలి తీసినా, వేడిమీద మాత్రం 'కిర్రు' మనకపోతే అప్పుడు ఇంధన పంపును చూడాలి. అందులో ప్లంజరు, దాని గొట్టము కలిసి ఎలిమెంటు అంటారు. ఆ రెండింటి మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యోవంతులలో, రెండు మూడు వంతులు మాత్రమే ఉంటుంది. మన తల వెంట్రుక మందం దానికి ఇరవై రెట్లు ఉంటుంది. దుమ్ము పడిన డీజిలు వాడితే ఆ సందు అరిగి పెద్దదవుతుంది. పొద్దున డీజిలు చిక్కగా ఉంటుంది గనుక సందులోంచి తక్కువ జారుతుంది, ఇంజను అందుకొంటుంది. వేడికి డీజిలు పలచబడితే, చేత్తో తిప్పే మెల్లని వేగానికి అది నాజిల్‌కు పోకుండా సందులోంచి వెనక్కు జారిపోతుంది. ఇంజను వేగంగా నడుస్తున్నప్పుడు జారడానికి వ్యవధి ఉండదు. అందుకే నడిచేటప్పుడు తెలియదు, స్టార్టు చేసేటప్పుడే తెలుస్తుంది.

దీనికి పైసా ఖర్చులేని పరీక్ష ఉన్నది. ఇంజను ఆగి ఉండగా ఒక గుడ్డను నీటిలో తడిపి పిండి, పంపు ఒక్కదానికే చుట్టండి. పది నిమిషాలు, మధ్యలో ఒకటి రెండుసార్లు గుడ్డ మార్చండి. తక్కిన ఇంజను ఇంకా వేడిగానే ఉండగా అది అందుకొన్నదంటే దోషం చాలావరకు పంపులో ఉన్నట్టే. ఒక్కసారితో నమ్మకండి, మరునాడు కూడా చేసి చూడండి. గుడ్డ చుట్టమన్నాను గాని చెంబుతో నీళ్లు కుమ్మరించమనలేదు సుమా! అంత సన్నని సందులు ఉన్న పంపు మీద ఒక్కసారిగా చన్నీళ్లు పడితే బయటి భాగం ముడుచుకొని ప్లంజరు పట్టేయవచ్చు. పంపు దోషమని తేలితే పంపులు పరీక్షించే దుకాణానికి ఆ పంపు ఒక్కటే తీసికొని వెళ్లండి. ఇంజను మొత్తం విప్పనక్కరలేదు.

ఇక హ్యాండిలు మెత్తబడడం. పొద్దున బిగువుగా ఉండి, వేడిమీద మెత్తబడితే ముందు వాల్వులను చూడాలి. ఇనుము వేడికి సాగుతుందని చెప్పాను. నూరు మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ నూరు డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరులో పదోవంతుకు పైగా సాగుతుంది. పొగ వాల్వు అంతకన్న చాలా ఎక్కువ వేడెక్కుతుంది. అందుకని వాల్వు కాడకూ రాకరుకూ మధ్య కొంచెం సందు వదిలిపెడతారు. ఆ సందు చాలకపోతే, వేడెక్కి సాగిన కాడ రాకరుకు ఆని, వాల్వు తన పీటమీద పూర్తిగా కూర్చోదు. గాలి జారిపోతుంది. సందు ఎంత ఉండాలో, చల్లగా ఉన్నప్పుడు కొలవాలో వేడిమీద కొలవాలో మీ ఇంజను పుస్తకంలో ఉంటుంది. ఫీలరు గేజితో ఆ కొలత పెట్టించండి. కంటి అందాజు ఇక్కడ పనికిరాదు. మసి పట్టి వాల్వు కాడ తన గొట్టంలో బిగిసిపోవడం కూడా కద్దు.

వాల్వులు సరిగా ఉన్నప్పుడే రింగుల మాట ఎత్తాలి. అరిగిన రింగుల సందును చిక్కని నూనె కొంత కప్పిపెడుతుంది. వేడికి నూనె పలచబడితే కప్పలేదు. వాడవలసిన దానికన్న పలచని నూనె పోసినా, నూనె మార్చకుండా డీజిలు కలిసిపోయేదాకా వాడినా ఇదే పరిస్థితి. రింగులు అరిగిన ఇంజను ఇతర గుర్తులు కూడా చూపుతుంది. నూనె తాగుతుంది, నీలిపొగ వదులుతుంది, నూనె పోసే మూత దగ్గర ఆవిరి కొడుతుంది, చలికాలం పొద్దున కూడా కష్టంగానే అందుకొంటుంది. ఈ గుర్తులేవీ లేకుండా రింగులు మార్చకండి. ఆ మాట అనుభవం మీద చెబుతున్నాను.

బిగువు ఉన్నది, తెల్లపొగ కూడా వస్తున్నది, అయినా అందుకోదు అంటారా? నాజిల్ మంచులాగ చిమ్మకుండా చుక్కలు కారుస్తున్నదేమో చూపించాలి. పంపు వేళ తప్పినా ఇట్లాగే ఉంటుంది. ఒక్కోసారి మనమే పదేపదే తిప్పి సిలిండరును డీజిలుతో తడిపేస్తాం. అప్పుడు ఇంధనం లీవరు ఆపుడు స్థానంలో పెట్టి, డీకంప్రెషన్ లీవరు ఎత్తి, పది పన్నెండు చుట్లు తిప్పి లోపలి తడిని పోగొట్టి, ఆ తరువాత ప్రయత్నించండి.

ఆఖరుది, చుట్టు మొత్తం పట్టేసినట్టు బరువుగా ఉండడం. ఇది అన్నింటిలోకి ప్రమాదమైనది. ఇంజను మితిమీరి వేడెక్కి పిస్టను సిలిండరులో బిగుస్తున్నదన్నమాట. బలవంతాన తిప్పకండి, తనంత తాను చల్లారనివ్వండి. హెడ్డు మీద చన్నీళ్లు పోస్తే బీట వారుతుంది. చల్లారిన తరువాత నూనె మట్టము, చల్లబరచే నీటి దారి చూడండి. మన బావుల నీరు చాలాచోట్ల చవుడు నీరు. ఏళ్ల తరబడి నడిస్తే అన్నం కుండకు పట్టినట్టు సిలిండరు చుట్టూ ఉన్న నీటి గూటిలో పెచ్చు కడుతుంది. నీరు పారుతున్నట్టే కనబడుతుంది, వేడి మాత్రం పోదు. గాలితో చల్లారే ఇంజన్లకు రెక్కల మధ్య దుమ్ము, ఊక, గడ్డి చేరకుండా చూసికొనాలి.

ట్రాక్టరు ఉన్నవారికి ఒక్క మాట. వేడిమీద స్టార్టరు నీరసంగా తిప్పుతుంటే ఇంజనుకన్న ముందు బ్యాటరీ కొసలు, నేలకు కట్టిన తీగ శుభ్రంగా బిగువుగా ఉన్నవో లేదో చూడండి. పైన చెప్పిన మూడింటిలో అక్కడ కొరత తిప్పే వేగము.

ఇప్పుడు జాగ్రత్తలు. హ్యాండిలు పట్టినప్పుడు బొటనవేలిని కూడా మిగిలిన నాలుగు వేళ్ల వైపే ఉంచండి. ఎదురు తన్నితే మణికట్టు దక్కుతుంది. తుండుగుడ్డ, చీర చెంగు, వదులు చొక్కా బెల్టు దగ్గరికి రానివ్వకండి. నాజిల్ బయటపెట్టి తిప్పేటప్పుడు చేయి అడ్డుపెట్టకండి. చదరపు సెంటీమీటరుకు 200 కిలోల దరిదాపు ఒత్తిడితో వచ్చే ఆ డీజిలు చర్మం చీల్చుకొని లోపలికి పోతుంది. అట్లా జరిగితే గాయం చిన్నదని ఊరుకోక వెంటనే ఆసుపత్రికి పోవాలి. గాలి దారిలో పెట్రోలు గుడ్డ పెట్టడం, మంట చూపడం చేయరాదు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

ఇంజనును ఆపే ముందు బరువు తగ్గించి మూడు నాలుగు నిమిషాలు ఉత్తగా నడవనివ్వండి. డీజిలును గుడ్డలో కాక సన్నని జాలీలో వడబోసి పోయండి, గుడ్డ పీచు ఫిల్టరును కమ్ముతుంది. ట్యాంకి మూతకు వాన తగలకుండా పైన రేకు కప్పండి గాని రంధ్రం మూయకండి.

విస్తరణ పనిలో ఉన్న నా తోటివారికి కూడా ఒక మనవి. రైతు ఇంజను గురించి అడిగినప్పుడు గట్టుమీద నిలబడి జవాబు చెప్పకండి. ఎప్పుడు ఆగింది, ఎట్లా ఆగింది, డీజిలు ఎవరు పోస్తారు అని అడగండి. పోసేవారిని కూడా పిలిచి అడగండి. ఆ ఇంటిలో మనకన్న బాగా ఆ ఇంజను చప్పుడు ఎరిగినవారు ఒకరుంటారు.

సోదరులారా! రేపు మీ ఇంజను మొరాయిస్తే ముందు మూత తిప్పి వినండి. తరువాత హ్యాండిలు బరువు చూడండి. తరువాత పొగ చూడండి. స్పానరు ఆ పిమ్మట.